ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధ: నైతిక సవాళ్లు, రాయలసీమ సందర్భం

రోగ నిర్ధారణ, ముందస్తు పరీక్షలు, ముప్పు అంచనా, ఆసుపత్రి నిర్వహణ వంటి పనుల్లో కంప్యూటరు చేసే నిర్ణయాలు ఎంతవరకు న్యాయమైనవి, రోగి అనుమతి ఎవరు తీసుకోవాలి, పొరపాటు జరిగితే జవాబు ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నలను కలిపి ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధ నైతికత అంటారు. నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రిలో ఈ ప్రశ్నలు ఒక రకంగా ఉంటాయి. కోయిలకుంట్ల లాంటి చోట అవే ప్రశ్నలు వేరే రూపంలో ఎదురవుతాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో, కుందూ నది దగ్గరి నల్లరేగడి నేలల్లో ఉన్న ఈ ఊరికి పెద్ద వైద్యమంటే నంద్యాలకో కర్నూలుకో బస్సెక్కడమే. స్పెషలిస్టు లేని చోటుకే యంత్రం కావాలన్నది దాన్ని తయారుచేసేవారి వాదన. స్పెషలిస్టు లేని చోట యంత్రం తప్పు చేస్తే పట్టుకునేవారు కూడా ఉండరన్నది దానికి ఎదురు వాదన. రెండూ నిజమే.

నేపథ్యం

తెలుగు నేలకు దూరవైద్యం కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ పెట్టిన ఉపగ్రహ దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చిలో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007 ఏప్రిల్‌లో పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాయి. 2019 నవంబరులో ఊరి ఆరోగ్య కేంద్రాన్ని దూరాన ఉన్న డాక్టరుతో కలిపే ఈ-సంజీవని పద్ధతిని దేశంలో మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రోగి చెప్పిన లక్షణాలను బట్టి ఏయే జబ్బులు అయ్యుండవచ్చో డాక్టరుకు సూచించే కృత్రిమ మేధ భాగాన్ని తరువాత ఆ వేదికకు చేర్చారు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం కృత్రిమ మేధ వాడకం కోసం గేట్స్ ఫౌండేషన్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది జులైలో కుప్పంలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. రోగుల వివరాలను ఒకచోట చేర్చి వెంబడించడం దాని పని.

అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలోకి కృత్రిమ మేధ మొదట ఆసుపత్రి దారిన కాక పొలం దారిన వచ్చిందని చెప్పవచ్చు. 2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తనం ఎప్పుడు వేయాలో ఫోను సందేశాలు పంపాయి. ఆ సందేశం నచ్చకపోతే రైతు ఆకాశం చూసి, పక్క చేనువాణ్ణి అడిగి, తన లెక్క ప్రకారం విత్తుకోగలడు. ఎక్స్‌రే మీద యంత్రం ఇచ్చిన తీర్పును అదే రైతు అలా తోసిపుచ్చలేడు. వైద్యంలో కృత్రిమ మేధకు వేరే నైతిక కొలత అవసరమయ్యేది ఇక్కడే.

కంటి పరీక్ష: ఒక అంకె ఎవరిది?

ఈ రంగంలో ఎక్కువగా పరిశీలనకు నిలిచిన ఉదాహరణ మధుమేహం వల్ల కంటి రెటీనాకు వచ్చే జబ్బు. 2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా ఫోటోలతో తయారుచేసిన కార్యక్రమం ఫలితాలను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. ఆ ఫోటోలలో కొన్ని అమెరికావి, మిగతావి అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ అనే మూడు భారతీయ కంటి ఆసుపత్రులవి. మన కళ్లను చూసి నేర్చుకున్న యంత్రం కాబట్టి మనకు పరాయిది కాదు. చిక్కు వేరే చోట ఉంది.

ఆ కార్యక్రమాన్ని రెండు రకాలుగా నడపవచ్చునని పరిశోధకులే చూపించారు. ఒక అమరికలో అది జబ్బున్నవాళ్లలో 90.3 శాతం మందిని పట్టుకుంది, జబ్బు లేనివాళ్లలో 98.1 శాతం మందిని సరిగా ఇంటికి పంపింది. రెండో అమరికలో 97.5 శాతం మందిని పట్టుకుంది, కానీ సరిగా ఇంటికి పంపింది 93.4 శాతం మందినే. ఒక శిబిరానికి వెయ్యి మంది వచ్చారని, వారిలో వంద మందికి జబ్బుందని అనుకుందాం. మొదటి అమరికలో దాదాపు పదిమంది జబ్బుతోనే ఇంటికి వెళ్తారు, పదిహేడు మంది అనవసరంగా పెద్దాసుపత్రికి వెళ్తారు. రెండో అమరికలో ఇద్దరో ముగ్గురో మాత్రమే తప్పిపోతారు, కానీ దాదాపు అరవై మంది ఊరికే బస్సెక్కుతారు. ఉద్యోగికి అది ఒక సెలవు. శనగ కోతల కాలంలో కూలికి వెళ్లే మనిషికి అది ఆ రోజు కూలి, బస్సు చార్జీ, తోడొచ్చినవాళ్ల కూలి కలిపిన నష్టం. ఒకసారి అలా తిరిగొచ్చినవాళ్లు మరోసారి శిబిరానికి రారు. అలాగని మొదటి అమరిక పెడితే తప్పిపోయిన పదిమందిలో కొందరి చూపు పోవచ్చు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది గణితం తేల్చే విషయం కాదు, విలువలకు సంబంధించినది. అయినా ఆ గీతను ఎక్కడో కంపెనీ గదిలో, కోయిలకుంట్ల కూలి రేటు తెలియనివాళ్లు గీస్తారు. వైద్యంలో కృత్రిమ మేధ గురించి రాసేవాళ్లు పక్షపాతం మీద, గోప్యత మీద చాలా రాశారు. ఈ అంకె మీద కావలసినంత రాయలేదు.

ప్రయోగశాలలో గెలిచిన యంత్రం వైద్యశాలలో ఎలా నడుస్తుందో థాయ్‌లాండ్ చూపింది. అక్కడి 11 క్లినిక్కులలో అదే రకం కార్యక్రమాన్ని వాడినప్పుడు జరిగిన సంగతులను 2020లో గూగుల్ పరిశోధకులే వెల్లడించారు. నర్సులు తీసిన 1,838 ఫోటోలలో 21 శాతాన్ని నాణ్యత చాలదని యంత్రం తిప్పికొట్టింది. క్లినిక్కు గదుల్లో వెలుతురు అమరిక సరిగా లేకపోవడం ఒక కారణం. తిరస్కరించిన ప్రతి ఫోటోకూ రోగిని వేరే ఊరి నిపుణుడి దగ్గరకు పంపాలన్నది నియమం. ఫోటోలో ఇబ్బంది లేదని నర్సుకు తెలిసినా చేసేదేమీ లేదు. ఒకచోట ఇంటర్నెట్ రెండు గంటలు ఆగిపోతే ఆ రోజు చూడవలసిన 200 మందిలో 100 మందినే చూడగలిగారు. కరెంటు, సిగ్నలు, వెలుతురు అంతంతమాత్రంగా ఉండే ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్‌ఎంకు ఈ నివేదికలో కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దారి కొంత వేరు. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఈ సంస్థ 2010 నుంచి రోగుల వివరాలను తన సొంత ఎలక్ట్రానిక్ పద్ధతిలో భద్రపరుస్తోంది. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్‌తో, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలతో కలిసి కంటి జబ్బుల అంచనా కోసం ఒక కూటమిగా ఏర్పడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ పరిజ్ఞానాన్ని పిల్లల కంటి పరీక్షల కార్యక్రమంలో వాడతామని ప్రకటించింది. ఇక్కడ గమనించదగ్గది పరిజ్ఞానం కాదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. ఆ సంస్థకు ఊళ్లలో దృష్టి కేంద్రాలు, వాటి మీద చిన్న ఆసుపత్రులు, ఆ పైన పెద్దాసుపత్రి వరుసగా ఉన్నాయి. జబ్బు బయటపడ్డ మనిషి తరువాత ఎక్కడికి పోవాలో ముందే తెలుసు.

లెక్కలోకి రానివాళ్లు

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ చర్చనే మార్చేసింది. అమెరికాలో ప్రత్యేక శ్రద్ధ అవసరమైన రోగులను ఎంపిక చేసే ఒక కార్యక్రమం, రోగి మీద గతంలో అయిన ఖర్చును జబ్బు తీవ్రతకు కొలతగా తీసుకుంది. నల్లజాతివారికి అదే జబ్బున్నా వారి మీద ఖర్చు తక్కువ జరిగేది కాబట్టి, వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారని యంత్రం తేల్చింది. ఆ లోపాన్ని సరిచేస్తే అదనపు సాయం పొందవలసినవారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని ఒబర్‌మేయర్ బృందం చూపించింది. యంత్రానికి రోగి జాతి చెప్పనేలేదు. ఖర్చు అనే ఒక్క అంకె చాలింది.

ఇదే లెక్కను సీమకు తెచ్చి చూడవచ్చు. ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం బిల్లులు రాష్ట్రంలోని పెద్ద ఆరోగ్య సమాచారాల్లో ఒకటి. అయితే ఆ పథకం జాబితాలో ఉన్న చికిత్సలు, ఆసుపత్రిదాకా చేరగలిగిన మనుషులే అందులో కనిపిస్తారు. బిల్లుల మీద శిక్షణ పొందిన యంత్రానికి ఆసుపత్రికి దగ్గరగా ఉన్న ఊరు జబ్బులమయంగానూ, దూరపు ఊరు ఆరోగ్యంగానూ తోస్తుంది. పడమటి కర్నూలు మండలాల నుంచి ఏటా గుంటూరు మిరప కోతలకు వలసపోయే కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. పరీక్ష ఒక జిల్లాలో, మందులు మరో జిల్లాలో, మధ్యలో నెలల తరబడి ఖాళీ. ఆ ఖాళీని యంత్రం రోగి నిర్లక్ష్యంగా చదవగలదు.

స్థానిక జబ్బుల చిక్కు మరొకటి. తాగునీటి ఫ్లోరైడు వల్ల ఎముకలకు వచ్చే జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి నమోదు చేశారు. రాయలసీమలో కూడా ఆ సమస్య పాతదే. ఫ్లోరోసిస్ ఉన్నవారి ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తాయి, కానీ అవి గట్టి ఎముకలు కావు. అలాంటి చిత్రాలు చూడకుండా మరో దేశంలో నేర్చుకున్న కార్యక్రమం ఆ సాంద్రతను చూసి ఎముక బాగుందని పొరబడే ప్రమాదం ఉంది. అదేవిధంగా, ఛాతీ ఎక్స్‌రేలో క్షయను గుర్తించే కార్యక్రమాలను 15 ఏళ్లు దాటినవారి పరీక్షకు వాడవచ్చునని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. ఎంత స్కోరు వస్తే అనుమానించాలో స్థానికంగా నిర్ణయించుకోవాలని కూడా చెప్పింది. గతంలో క్షయ వచ్చి తగ్గినవారి ఊపిరితిత్తుల మచ్చలు ఈ కార్యక్రమాలను తికమకపెడతాయి. కోయిలకుంట్ల చుట్టుపక్కల ఔకు, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతమంతా నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు. రాతి ధూళి పీల్చిన ఊపిరితిత్తుల మీద పరీక్షించి చూడకుండా ఇక్కడ అలాంటి యంత్రాన్ని నమ్మడం తొందరపాటు.

మన వాళ్ల సమాచారంతోనే తయారైనంత మాత్రాన చిక్కు తీరదు. 2018లో అపోలో, మైక్రోసాఫ్ట్ కలిసి దాదాపు 4 లక్షల మంది రోగుల సమాచారంతో గుండెజబ్బు ముప్పును 21 అంశాల ఆధారంగా లెక్కగట్టే పద్ధతిని ప్రకటించాయి. పాశ్చాత్యుల లెక్కలు భారతీయులకు అతకవు కాబట్టి ఇది మంచి అడుగే. కానీ అపోలోకు వెళ్లగలిగినవాళ్లు ఒక రకం భారతీయులు. మెట్ట సేద్యం చేసుకునేవాళ్లు ఇంకో రకం.

సమ్మతి: సంతకం ఎవరిది?

తెలుగు నేల మీద వైద్య పరిశోధనలో సమ్మతి గురించి మాట్లాడితే ఖమ్మం జిల్లాను తలవకుండా ఉండలేం. 2009 జులైలో అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారతీయ వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేసే కార్యక్రమం మొదలుపెట్టాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలను అనేక చోట్ల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయి గొడవ కావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

అక్కడ సూదైనా కనిపించింది. కృత్రిమ మేధ విషయంలో అదీ కనిపించదు. ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే రేపు ఒక కంపెనీ కార్యక్రమానికి పాఠం అవుతుందని వేలిముద్ర వేసే మనిషికి ఎవరు చెబుతారు? చికిత్సకు ముందు రోగికి అర్థమయ్యేలా వివరించి సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది శస్త్రచికిత్సకు సంబంధించిన తీర్పు. ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని పదేళ్ల తరువాత వేరే పనికి వాడుకోవడాన్ని అది ఊహించలేదు. 2021లో కొవిడ్ టీకాకు ఆధార్ చూపిన చాలామందికి వాళ్లు అడగకుండానే ఆరోగ్య ఐడీ సంఖ్య తయారైంది. ఆ సంఖ్య స్వచ్ఛందమేనని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లకు స్వచ్ఛందానికీ తప్పనిసరికీ ఉన్న తేడా ఎంత తెలుస్తుందన్నది వేరే ప్రశ్న.

గోప్యత

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఏడాది తిరగకముందే, 2018 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అన్న సంజీవని మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేర్లు, ఫోను నంబర్లతో సహా అంతర్జాలంలో అందరికీ కనిపించాయి. ఏ దొంగా తాళం పగలగొట్టలేదు, తలుపే వేయలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద జరిగిన దాడి నిజంగా దొంగల పనే. అక్కడ చాలా రోజులు కాగితాల మీద పని నడిపారు. చిన్న ఊరిలో గోప్యతకు మరో కోణం ఉంది. క్షయ అని, హెచ్‌ఐవీ అని, మానసిక జబ్బని తెలిస్తే పెళ్లి సంబంధం తప్పిపోతుంది. పేరు తీసేసిన సమాచారమైనా వయసు, ఊరు, జబ్బు మూడూ కలిస్తే అందరూ అందరికీ తెలిసిన పల్లెలో మనిషిని పట్టుకోవడం కష్టం కాదు.

ఆరోగ్య సమాచారానికే ప్రత్యేకంగా 2018లో తయారుచేసిన ముసాయిదా చట్టరూపం దాల్చలేదు. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య వివరాలను ప్రత్యేక వర్గంగా చూడదు. ప్రభుత్వం సేవలు, రాయితీలు అందించడానికి కొన్ని సందర్భాల్లో విడిగా సమ్మతి అడగనక్కర లేదని, పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఉంటాయని కూడా చెబుతుంది. ప్రభుత్వాసుపత్రి తప్ప గతిలేనివారికి ఈ రక్షణ పలచబడుతుందన్నమాట. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకు రావడానికి వాటిలో 18 నెలల గడువు ఉంది.

బాధ్యత

2020 మార్చి 25న వచ్చిన దూరవైద్య మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కృత్రిమ మేధ రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. నమోదైన డాక్టరుకు సాయం మాత్రం చేయవచ్చు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి జబ్బులను గుర్తించే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ కిందికి వచ్చింది. వైద్య సేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే వి.పి. శాంత కేసులో తేలింది. డబ్బు తీసుకునే ఆసుపత్రి మీద దావా వేయవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి ఆ తీర్పు పరిధిలోకి రాదు. ఉచిత శిబిరంలో యంత్రం ‘ఏమీ లేదు’ అన్న మనిషికి చూపు పోతే, అతని దారి కష్టమైనదే.

మార్గదర్శకాలు తలచుకోని చోటు ఒకటుంది. ఊళ్లో జ్వరం వస్తే మొదట పిలిచేది డిగ్రీ లేని ఆర్‌ఎంపీనే. ఆయన జేబులోని ఫోనులో ఇప్పుడు చాట్‌బాట్ ఉంది. అది ఏమి చెప్పిందో, ఆయన ఏ సూది వేశాడో ఎక్కడా నమోదు కాదు.

డాక్టరు చివరి మాట చెబుతాడు కాబట్టి భయం లేదన్న సమాధానం వినడానికి బాగుంటుంది. 2021లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికా ఆసుపత్రుల్లో విరివిగా వాడే ఎపిక్ సంస్థ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల ఒళ్లంతా విషమించే స్థితి) హెచ్చరిక కార్యక్రమం మూడింట రెండొంతుల కేసులను పట్టుకోలేకపోయిందని, అయినా ఆసుపత్రిలో చేరిన రోగుల్లో 18 శాతం మంది మీద గంట మోగించిందని కనిపెట్టారు. ఊరికే మోగే గంటను మనిషి వినడం మానేస్తాడు. నమ్మకంగా మోగే గంట వల్ల ఇంకో నష్టం. పోలండ్‌లోని నాలుగు కేంద్రాల్లో పెద్దపేగు పరీక్షలకు కృత్రిమ మేధ సాయం అలవాటైన తరువాత, ఆ సాయం లేకుండా చేసినప్పుడు డాక్టర్లు గడ్డలను గుర్తించే రేటు 28.4 నుంచి 22.4 శాతానికి తగ్గిందని 2025లో ప్రచురితమైంది. 2023లో తరగతులు మొదలైన నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు యంత్రం పక్కనుండగా చదువుకునే తరం. యంత్రం లేకుండా ఎక్స్‌రే చదవడం వాళ్లకు పరీక్షలో భాగంగా ఉండాలి.

భాష

మాట ద్వారా పనిచేసే కార్యక్రమాలకు తెలుగు ఇంకా సరిగా రాదు. వచ్చినా అది పత్రికల తెలుగు. కోయిలకుంట్ల ఆడమనిషి ‘కడుపు నొస్తాంది’ అంటుంది, ‘ఆయాసంగా ఉంది’ అంటుంది. మొదటిది యంత్రానికి అర్థం కాకపోతే లక్షణమే నమోదు కాదు. రెండోది ఊపిరి ఆడకపోవడమా, నీరసమా అన్నది ఆమె ముఖం చూసిన ఏఎన్‌ఎంకు తెలుస్తుంది. యంత్రానికి మళ్లీ అడగడం నేర్పాలి.

మార్గదర్శకాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జూన్‌లో ఆరు సూత్రాలను, 2024 జనవరిలో పాఠ్యం, చిత్రాలు వంటి పలు రూపాల సమాచారంతో పనిచేసే పెద్ద నమూనాల మీద నలభైకి పైగా సిఫార్సులను విడుదల చేసింది. భారతీయ వైద్య పరిశోధన మండలి 2023లో పది సూత్రాలతో మార్గదర్శకాలు ఇచ్చింది. జవాబుదారీతనం, రోగి స్వేచ్ఛ, గోప్యత, వివక్ష లేకపోవడం, సమాన అందుబాటు అన్నీ అందులో ఉన్నాయి. బాగా రాసిన పత్రాలే. ఉల్లంఘిస్తే ఏమవుతుందన్నది మాత్రం వాటిలో బలహీనం.

పరీక్ష తరువాత

2024లో గూగుల్, అపోలో రేడియాలజీ సంస్థ కలిసి పదేళ్లలో 30 లక్షల ఉచిత పరీక్షలు చేస్తామని ప్రకటించాయి. క్షయ, ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ వాటి లక్ష్యం. పరీక్షల సంఖ్యను ప్రకటించడం సులభం. పరీక్షలో బయటపడ్డవారిలో ఎంతమందికి చికిత్స అందిందో కూడా అదే ప్రముఖంగా ప్రకటించాలి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన సూత్రాలలో ఒకటి ఇదే చెబుతుంది: నిర్ధారణకు, చికిత్సకు ఏర్పాట్లు అందుబాటులో ఉన్న జబ్బుకే జనంలో ముందస్తు పరీక్షలు చేయాలి. అది కాగితం, కలం కాలం నాటి నియమం. యంత్రం వచ్చాక పరీక్ష చవకైంది, చికిత్స కాలేదు. జబ్బు పేరు చెప్పి, దారి చెప్పకుండా వదిలేసిన మనిషికి అంతకుముందు లేని భయం ఒకటి అదనంగా మిగులుతుంది. కాబట్టి ఏ ఊళ్లోనైనా కృత్రిమ మేధతో శిబిరం పెట్టే సంస్థ, చికిత్స చేసే ఆసుపత్రి పేరు, బాధ్యత వహించే డాక్టరు పేరు, ప్రయాణ ఖర్చు ఎవరిదన్న సంగతి ముందే రాసి ఇవ్వాలి. అవి ఇవ్వలేని శిబిరానికి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అనుమతి ఇవ్వకూడదు.